గాలి కరెంటు ఒక్కదానితోనే ఎందుకు నెట్టుకురాలేం?

అనంతపురం వైపు అన్ని గాలిమరలు తిరుగుతుంటే ఇంకా బొగ్గు కాల్చడం ఎందుకు, మా మేడ మీద కూడా ఒకటి పెట్టుకోవచ్చా అని అడిగారు. ఉరవకొండ దగ్గర ఒక విండ్ సైట్‌లో నాలుగేళ్లు టెక్నీషియన్‌గా చేశాను, నాకు తెలిసింది చెప్తాను.

మా మిషన్ల మీద 2 మెగావాట్లు అని రాసి ఉండేది. గాలి సెకనుకు 12 మీటర్ల వేగంతో వీస్తేనే అంత వస్తుంది. అదే 6 మీటర్లకు తగ్గిందనుకోండి, కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు, అంటే 250 కిలోవాట్ల దగ్గరికి పడిపోతుంది. 3 మీటర్ల లోపు ఏమీ రాదు. 25 దాటితే మిషనే గాలి పట్టకుండా రెక్కల్ని పక్కకు తిప్పుకుని ఆగిపోతుంది, లేకపోతే విరుగుతుంది. ఏడాదంతా కలిపి చూస్తే రాసి ఉన్న దాంట్లో పావు వంతు వస్తే మంచి సైటే.

సరే, తక్కువైతే ఇంకో నాలుగు మిషన్లు పెట్టుకోవచ్చు. అసలు తంటా ఎప్పుడొస్తుందన్న దాంట్లో ఉంది. ఆషాఢంలో అక్కడ నిలబడితే నెత్తి మీద టోపీ ఆగదు, రిపేరుకు కూడా మమ్మల్ని 80 మీటర్ల పైకి ఎక్కనిచ్చేవాళ్లు కాదు, మిషన్లన్నీ ఫుల్లుగా తిరిగేవి. సరిగ్గా అప్పుడే మేం పంపే కరెంటు తగ్గించమని ఫోన్ వచ్చేది! ఎందుకంటే రాష్ట్రంలో వానలు పడి పొలాల్లో మోటార్లు ఆగిపోయేవి, వరదొచ్చిన ఏడాదైతే శ్రీశైలం కరెంటు కూడా తోడయ్యేది. మంచి గాలిని చూస్తూ చూస్తూ మిషన్లు ఆపుకున్న రోజులున్నాయి. అదే ఎండాకాలంలో, ఇళ్లలో ఏసీలు, పొలాల్లో మోటార్లు అన్నీ ఒకేసారి కరెంటు అడిగే రోజుల్లో, వేపాకు కదిలేది కాదు. ఒక సాయంత్రం కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కంగారుగా పిలిచాడు, అన్నా మీటరు పాడైంది, మైనస్ చూపిస్తోందని. పాడవలేదురా, రెక్కలు ఆగినా లోపలి పంపులకి, కంట్రోల్ ప్యానెళ్లకి కరెంటు కావాలి కదా, మనమే గ్రిడ్ నుంచి తీసుకుంటున్నాం అని చెప్పాల్సి వచ్చింది.

బ్యాటరీలు ఉన్నాయి కదా అంటారు. మధ్యాహ్నంది రాత్రికి దాచడానికి బాగానే పనికొస్తాయి, కానీ జులై గాలిని ఏప్రిల్ దాకా దాచాలంటే ఎన్ని కావాలో ఊహించుకోండి. అందుకే గాలితో పాటు సోలారూ, నీళ్లూ, ఇంకా కొన్నాళ్లు బొగ్గూ తప్పవని నా అభిప్రాయం. అలాగని గాలిమరలు దండగ అనను, తిరిగినంతసేపు అంత బొగ్గు మిగిలినట్టే.

ఇక మీ మేడ సంగతి. చుట్టూ ఇళ్లుంటే గాలి ముక్కలై 3 మీటర్ల వేగం కూడా కష్టం. ఆ గాలికి మీటరున్నర వెడల్పు ఫ్యాను ఇచ్చేది 10 వాట్ల లోపే, ఒక ఎల్‌ఈడీ బల్బు వెలుగుతుందంతే. ఆ డబ్బు సోలార్‌కి పెట్టండి. నేను వద్దంటే వినకుండా మా బావ గాలిమర పెట్టించాడు, ఇప్పుడు ఆ స్తంభానికి మా అక్క బట్టలారేసే తాడు కట్టుకుంది.