గిఫ్టు వద్దు, రసీదు లేదు: ఇప్పుడేం చేయాలి?

డాలస్ పక్కన కొత్తగా కాపురం పెట్టిన ఒక జంట అడిగిన సందేహం ఇది. బాబు మొదటి పుట్టినరోజు ఘనంగా చేశారు. ఆహ్వానంలో "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్" అని వేశారు కానీ, చేతులూపుకుంటూ రావడం మనవాళ్ళకి అలవాటు లేదు కదా. ఇప్పుడు గరాజ్‌లో కారు పట్టడం లేదట. పాటలు పాడే ఒకే బొమ్మ మూడు పెట్టెలు, పిల్లాడికి అప్పుడే బిగుతైన బట్టలు, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్‌స్టంట్ పాట్ లాంటిది ఇంకోటి. ఒక్కదాంట్లోనూ రసీదు లేదు. "తిరిగిస్తే తీసుకుంటారా అండీ? అడిగితే పరువు పోతుందేమో?"

పరువు సంగతి ముందు తేల్చేద్దాం. పోదు. డిసెంబరు 26న ఏ పెద్ద స్టోరుకైనా వెళ్ళి చూడండి, కొనేవాళ్ళ వరస కంటే తిరిగిచ్చేవాళ్ళ వరసే పొడుగ్గా ఉంటుంది. ఆ కౌంటర్లో ఉన్న పిల్ల మీ మొహం కూడా గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకునేది కంప్యూటరు. దాని గురించి తర్వాత చెబుతాను.

అయితే కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి పొరపాటుగా అనుకుంటారు, అమెరికాలో ఏదైనా ఎప్పుడైనా వెనక్కి ఇవ్వడం మన హక్కని. కాదు. వస్తువు బాగానే ఉండి, మనకి అక్కర్లేకపోతే, దాన్ని స్టోరు తీసుకుని తీరాలని చెప్పే ఫెడరల్ చట్టమేదీ లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో రిటర్న్ నియమాలు అందరికీ కనబడేలా రాసి పెట్టాలన్న చట్టం ఉంది, అంతే. రసీదు లేకపోయినా తీసుకుంటున్నారంటే అది వాళ్ళ వ్యాపార మర్యాద. అందుకే అడిగే తీరును బట్టి పని జరుగుతుంది. గొంతు పెంచితే "మేనేజర్‌తో మాట్లాడండి" అంటారు, మేనేజరు "పాలసీ" అంటాడు, మీరు పెట్టె మోసుకుంటూ ఇంటికొస్తారు.

మొదటి పని, ఆ వస్తువు ఏ స్టోరుదో కనుక్కోవడం. ఇచ్చినవాళ్ళని అడగలేం, కానీ పెట్టె చాలావరకు చెప్పేస్తుంది. పిల్లల బట్టల మెడ దగ్గర "క్యాట్ అండ్ జాక్" అని ఉంటే టార్గెట్. దుప్పటి మీద "థ్రెషోల్డ్" అని ఉన్నా టార్గెటే. "పేరెంట్స్ చాయిస్", "మెయిన్‌స్టేస్" అయితే వాల్‌మార్ట్. "కర్క్‌లాండ్" అంటే కాస్ట్‌కో అని మనవాళ్ళకి నేను చెప్పాలా, అసలు మన గరాజుల్లో సగం సామాను అదే. పెట్టె మీద అసలు బార్‌కోడ్‌ని కప్పేస్తూ తెల్ల స్టిక్కరు, దాని మీద ఎక్స్ అక్షరంతో మొదలై సున్నాలతో నడిచే నంబరు ఉంటే అది అమెజాన్ గోదాములోంచి వచ్చిందన్నమాట. దాన్ని తీసుకెళ్ళి టార్గెట్ కౌంటరు మీద పెట్టి లాభం లేదు. ఏ గుర్తూ లేని మామూలు కంపెనీ బొమ్మ అయితే ఆ కంపెనీ సరుకు అమ్మే స్టోరు యాప్‌లో బార్‌కోడ్ స్కాన్ చేయండి. వాళ్ళు అమ్మేదైతే ధరతో సహా తెర మీద కనబడుతుంది.

రెండోది, ఆలస్యం చేయకండి. రసీదు లేని వస్తువుకి మీరు కొన్న ధర, అదే మీ చుట్టం కొన్న ధర, ఎవరికీ అక్కర్లేదు. ఈ మధ్య అది ఎంత తక్కువకి అమ్ముడైందో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు చాలాచోట్ల. నలభై డాలర్ల బొమ్మ క్రిస్మస్ దాటాక క్లియరెన్స్‌లో పదిహేనుకి దిగిందంటే మీకొచ్చేది పదిహేనే. నవంబరు, డిసెంబరు నెలల్లో కొన్నవాటికి జనవరి దాకా గడువు పొడిగించడం పెద్ద స్టోర్లలో ఆనవాయితీ. మిగతా రోజుల్లో 90 రోజుల లోపు చూసుకోవడం మంచిది. ఎలక్ట్రానిక్స్‌కి ఇంకా తక్కువ, కొన్నిచోట్ల 15 రోజులే.

కౌంటరు దగ్గర ఏం మాట్లాడాలి? ఉన్నది ఉన్నట్టు: "ఇది గిఫ్టుగా వచ్చింది, రసీదు లేదు, ఎక్స్ఛేంజ్ గానీ స్టోర్ క్రెడిట్ గానీ ఇవ్వగలరా?" డబ్బు అడక్కండి, చాలావరకు ఇవ్వరు. ఆ పిల్ల పెట్టెని అటూ ఇటూ తిప్పి, టేపు తీసి ఉందా అని చూస్తుంది, బార్‌కోడ్ స్కాన్ చేస్తుంది, తర్వాత డ్రైవర్ లైసెన్స్ అడుగుతుంది. లైసెన్స్ ఇంకా రాకపోతే పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి. ఆ స్టోర్లోనే వాడుకునే కార్డు మీద ఎంతొస్తుందో చెబుతుంది. నచ్చకపోతే "వద్దులెండి" అని వస్తువు వెనక్కి తెచ్చుకోవచ్చు, తప్పేం లేదు. బట్టల సైజు మార్చుకోవడం అన్నిటికంటే సులువు. అదే చొక్కా పెద్ద సైజు చేత్తో పట్టుకుని వెళ్తే చాలాసార్లు ఇంకో మాట లేకుండా మార్చేస్తారు.

లైసెన్స్ ఎందుకంటారా? ఇదే నేను ఇందాక చెబుతానన్న కంప్యూటరు సంగతి. రసీదు లేకుండా మీరు తిరిగిచ్చే ప్రతి వస్తువూ మీ పేరు మీద నమోదవుతుంది. ఏడాదికి ఇంత మొత్తమనో, ఇన్నిసార్లనో స్టోర్లు పరిమితి పెట్టుకుంటాయి. దాటితే మిషనే "డినైడ్" అంటుంది, కౌంటర్లో ఉన్నవాళ్ళు చేయగలిగేదేమీ ఉండదు. చాలా స్టోర్లు ఈ లెక్క చూడడానికి ది రిటైల్ ఈక్వేషన్ అనే సంస్థను పెట్టుకున్నాయి. మీ పేరు మీద అక్కడ ఏముందో చూపించమని మీరే అడగవచ్చు కూడా. కాబట్టి ఎనిమిది డాలర్ల గిలక్కాయ కోసం ఈ కోటా ఖర్చుపెట్టకండి. అరవై డాలర్ల వస్తువు కోసం దాచుకోండి. గిలక్కాయని డే కేర్‌కో, గుడ్‌విల్ లాంటి విరాళాలు తీసుకునే దుకాణానికో ఇచ్చేయండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పార్కింగ్ లాట్‌లో దొరికిన రసీదు చూపించడం, ఒకచోట తక్కువకి దొరికినదాన్ని ఇంకోచోట ఎక్కువకి తిరిగివ్వడం, పాత వస్తువుని కొత్త పెట్టెలో పెట్టివ్వడం "తెలివితేటలు" అని కొత్త పిల్లలకి నూరిపోసే పెద్దమనుషులు మనలో ఉన్నారు. ఇది మోసం కిందకి, ఒక్కోసారి దొంగతనం కిందకి వస్తుంది. సిటిజన్ అయితే జరిమానాతో పోవచ్చు, వీసా మీద ఉన్నవాడికి మాత్రం చిన్న కేసైనా మెడకి చుట్టుకుంటుంది. దొంగతనం లాంటి కేసుల్లో ఇరుక్కుంటే వీసా రద్దు కావచ్చని 2025 జులైలో ఇండియాలోని అమెరికా ఎంబసీ ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా.

అమెజాన్ గిఫ్టుల పద్ధతి వేరు. పెట్టెలో గిఫ్టు చీటీ గానీ ప్యాకింగ్ స్లిప్ గానీ ఉంటే దాని మీద 17 అంకెల ఆర్డర్ నంబరు ఉంటుంది. మీ అకౌంట్లోంచే రిటర్న్స్‌లోకి వెళ్ళి ఆ నంబరు కొడితే సరిపోతుంది. గిఫ్టు అని గుర్తు పెట్టి పంపినదైతే ఆ మొత్తం గిఫ్ట్ కార్డుగా మీ ఖాతాలో పడుతుంది, పంపినవాళ్ళకి కబురు వెళ్ళదు. గుర్తు పెట్టకుండా పంపినదైతే డబ్బు వాళ్ళ కార్డుకే వెళ్ళే అవకాశముంది. "అదేంటి వదినా, మేమిచ్చింది వెనక్కి పంపించేశారట" అని ఫోనొస్తుంది. అలాంటప్పుడు రిటర్న్ జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఇక అమ్మడం. మన ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపులో "బ్రాండ్ న్యూ, నెవర్ ఓపెన్డ్" అని ఫొటో పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ గిఫ్టు ఇచ్చిన పిన్నిగారూ ఆ గ్రూపులోనే ఉంటారు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ అయితే ఆ తంటా తక్కువ. టేపు తీయని వస్తువైనా అసలు ధరలో సగానికి మించి ఆశ పెట్టుకోకండి.

అక్కడ మోసగాళ్ళు మీరు పోస్టు పెట్టిన పది నిమిషాల్లోనే వస్తారు. ధర అడగరు, రంగు అడగరు, "మీరు అసలు మనిషేనా, మీ ఫోనుకి ఆరంకెల కోడ్ పంపాను, చెప్పండి" అంటారు. ఆ కోడ్‌తో మీ నంబరు మీద గూగుల్ వాయిస్ ఖాతా తెరిచి ఇంకొకరిని మోసం చేస్తారు. ఇంకో రకం వాళ్ళు జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే పద్ధతిలో, డబ్బు పంపామంటారు. "మీ ఖాతా బిజినెస్ ఖాతాగా మారాలి, ముందు మీరు 300 డాలర్లు కట్టండి" అని బ్యాంకు నుంచి వచ్చినట్టే ఈమెయిల్ వస్తుంది. డబ్బు వచ్చిందో లేదో మీ బ్యాంకు యాప్‌లో చూసుకోండి, ఈమెయిల్‌లో కాదు. అన్నిటికంటే నగదు మేలు. కొనేవాళ్ళని ఇంటికి పిలవకండి. చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లోనే ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలకి కెమెరాలు పెట్టి చోటు కేటాయించారు, అక్కడికి రమ్మనండి. రానన్నాడంటే ఆ బేరం వదులుకోండి.

పసిపిల్లల సామాను అమ్మేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. రీకాల్ అయిన, అంటే ప్రమాదమని వెనక్కి పిలిపించిన, వస్తువుని అమ్మడం చట్టవిరుద్ధం, గరాజ్ సేల్‌లో అమ్మినా సరే. క్రిబ్ (పసిపిల్లల మంచం) చుట్టూ లోపల కట్టే మెత్తటి బంపర్లు, పిల్లల్ని ఏటవాలుగా పడుకోబెట్టే స్లీపర్లు 2022 చట్టంతో నిషేధించారు. ఒక వైపు అడ్డు కిందికి జారే పాత క్రిబ్‌లకైతే 2011లోనే కాలం చెల్లింది. "మా అబ్బాయి దాంట్లోనే పడుకున్నాడు" అని ఎవరైనా ప్రేమగా తెచ్చిస్తే నవ్వుతూ తీసుకోండి, అమ్మకండి, వాడకండి. పేరు, మోడల్ నంబరు సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే రీకాల్ ఉందో లేదో తెలిసిపోతుంది. పెట్టె విప్పిన కార్ సీటుని కొనేవాళ్ళు నమ్మరు, నమ్మకపోవడమే మంచిది.

పన్ను గురించి భయపడేవాళ్ళకి: గిఫ్టుగా వచ్చినదాన్ని, ఇచ్చినవాళ్ళు కొన్న ధర కంటే తక్కువకి అమ్మితే మీకు లాభమే లేదు, పన్నూ లేదు. హెచ్-1బీ మీద ఉండి ఇంట్లో మిగిలిన బొమ్మ అమ్ముకుంటే ఉద్యోగం చేసినట్టు కాదు. కానీ అది బాగుంది కదా అని క్లియరెన్స్ సరుకు కొని వారం వారం అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం. దానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగాలి.

వెండి కుంకుమ భరిణెలు, పళ్ళేలు రెండు డజన్లు పోగయ్యాయి, అమ్మితే ఎంతొస్తుందని కూడా అడిగారు. అవి చాలామటుకు జర్మన్ సిల్వర్. రాగి, జింకు, నికెల్ కలిపి చేస్తారు, వెండి ఉండదు. వాటికి కొనేవాడు దొరకడు. వచ్చే వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్ళకి ఇచ్చేయడమే వాటి దారి, అందరం చేసేదదే. ఒక్క షరతు: ఎవరు ఏమిచ్చారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, మన ఊళ్ళో పెళ్ళి చదివింపులు రాసుకున్నట్టు. లేకపోతే ఆవిడిచ్చిన భరిణె ఆవిడ చేతిలోనే పెడతారు. పెట్టె లోపల అతికించిన చిన్న పేరు చీటీ పీకేయడం కూడా మరవద్దు.

గిఫ్ట్ కార్డులు వచ్చి ఉంటే వాటిని ముందు వాడేయండి. 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం స్టోర్ గిఫ్ట్ కార్డులోని డబ్బుకి కనీసం అయిదేళ్ళ గడువుంటుంది. కానీ కార్డు నంబర్లు ముందే దొంగిలించి ఖాళీ చేసే ముఠాలు అయిదేళ్ళు ఆగవు. అక్కర్లేని కార్డుని అమ్మిపెట్టే వెబ్‌సైట్లున్నాయి, కోత బాగానే ఉంటుంది. అదే కార్డుతో డైపర్లు కొనుక్కుంటే పూర్తి విలువ వస్తుంది.

రెండో పుట్టినరోజుకి టార్గెట్‌లోనో అమెజాన్‌లోనో ఒక రిజిస్ట్రీ, అంటే మీకు కావలసినవాటి జాబితా, పెట్టి, ఆహ్వానంలో దాని లింకు ఇవ్వండి. అందులోంచి కొన్నవాటికి మీ జాబితాలోనే లెక్క ఉంటుంది కాబట్టి రసీదు గొడవ చాలావరకు తగ్గిపోతుంది. ఇక మీరు ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు బిల్లు కడుతూ "గిఫ్ట్ రసీదు" అని ఒక్క మాట అనండి. ధర కనబడని చీటీ ఇస్తారు. పెట్టె పైన కాదు, కవరు లోపల గ్రీటింగ్ కార్డుతో పాటు పెట్టండి, రంగు కాగితంతో పాటు చెత్తబుట్టలోకి పోకుండా.