పక్కన ఏం పెట్టి చూశారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొనుగోళ్ళ గొడవలే. "ఎందుకు కొన్నానో నాకే తెలీదు" బాపతు చాలా ఉన్నాయి, ఒకేలా ఉన్నవి పక్కన పెట్టి ఐదింటికి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: ఇంట్లో ఉండేది ముగ్గురమేనండీ. 7 కిలోల వాషింగ్ మెషిన్ చాలని లెక్కేసుకునే వెళ్ళా, తీరా 9 కిలోలది బుక్ చేసి వచ్చా. మధ్యలో 8 కిలోలది ఒకటుంది కానీ దానికీ 9కీ ధరలో పెద్ద తేడా లేదు, పైగా దాన్లో వేడినీళ్ళ హీటర్ లేదు, 9లో ఉంది. సేల్స్ అబ్బాయి బలవంతమేం చెయ్యలేదు, నేనే తెలివిగా కొన్నాననుకున్నా. ఇంటికొచ్చాక మా అమ్మాయి "ఇంత పెద్దది ఎందుకమ్మా" అంటే ఏం చెప్పాలో తోచలేదు. ఎక్కడ జరిగిందంటారు ఇది?

జవాబు: ఆ 8 కిలోల దాని దగ్గరే జరిగిందండీ. మీరు దాన్ని కొనలేదు, కొనాలని కూడా అనుకోలేదు, కానీ పనంతా అదే చేసింది. 7నీ 9నీ పోల్చడం కష్టం, ఒకటి చవక, ఒకటి పెద్దది, ఏది మేలో తేల్చాలంటే మీ ఇంట్లో వారానికి ఎన్ని బట్టలు పడతాయో కూర్చుని ఆలోచించాలి. 8నీ 9నీ పోల్చడం మాత్రం చిటికెలో పని, దాదాపు అదే డబ్బుకి ఇంకో కిలో, పైన హీటర్, ఇంకేం కావాలి? మనసు ఎప్పుడూ తేలిగ్గా తేలే పోలిక వైపే పోతుంది, అక్కడ 9 గెలిచింది కాబట్టి మొత్తం పోటీయే గెలిచినట్టు అనిపిస్తుంది, 7 సంగతి ఎవరికీ గుర్తుండదు. దీన్ని హ్యూబర్, పేన్, ప్యూటో అనే ముగ్గురు 1982లోనే ప్రయోగాలు చేసి చూపించారు, ఒకదాని కంటే అన్నిట్లోనూ తీసికట్టుగా ఉన్న వస్తువుని జాబితాలో చేరిస్తే దాన్నెవరూ కొనకపోయినా దాని పక్కనున్న మెరుగైన దానికి గిరాకీ పెరుగుతుందని. మీ షాపువాళ్ళు కావాలనే అలా పెట్టారో, కంపెనీ మోడళ్ళే అలా వచ్చాయో నేను చెప్పలేను, మీ మీద పడిన ప్రభావం మాత్రం రెండు రకాలుగానూ ఒకటే.

ఈసారి ఏదన్నా కొనేటప్పుడు ఒక పని చెయ్యండి, నచ్చిందనుకున్నాక పక్కనున్న దాన్ని వేలితో మూసేసి, అది లేకపోయినా నేను ఇదే తీసుకునేదాన్నా అని మిమ్మల్ని మీరే అడగండి. ఇంకోటి, ఆ కిలోల లెక్క పొడి బట్టలకి, తడిసిన బట్టలకి కాదు. జీన్స్ ప్యాంటు ఒక్కటే అరకిలో దాటుతుంది కాబట్టి 7 అంటే మనం అనుకున్నంత ఎక్కువేం కాదు, మరీ బాధపడకండి. దుప్పట్లు ఇంట్లోనే ఉతుక్కునే వాళ్ళైతే 9 వృథా పోదు. మార్చుకోడానికి తిరగడం మాత్రం అనవసరం అనే నా అభిప్రాయం.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొనాలి. రెండు నెలల నుంచి రివ్యూలు చదువుతూనే ఉన్నా, ఫోన్లో ట్యాబులు పెరగడం తప్ప తేలట్లేదు. ఒకదానికి 4.3 స్టార్లు, ఇంకోదానికి 4.4. బెస్ట్‌ది ఎలా పట్టుకోవాలి సార్?

జవాబు: పట్టుకోలేరు బాబూ, అందుకే తేలట్లేదు. హెర్బర్ట్ సైమన్ అని 1978లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చినాయన, ఆయన 1950ల్లోనే చెప్పిందేంటంటే, అన్నీ చూసి అన్నిట్లోకీ గొప్పది ఏరుకునేంత టైమూ సమాచారమూ ఏ మనిషికీ ఉండవు, ఇంత ఉంటే చాలని ఒక గీత గీసుకుని దాన్ని దాటిన మొదటిది తీసుకుంటారు అని. జార్జ్ స్టిగ్లర్ అనే ఇంకో ఎకనామిస్టు 1961లో దీన్నే ఇంకో వైపు నుంచి చెప్పారు, వెతకడం కూడా ఖర్చే, ఇంకా వెతికితే వచ్చే లాభం ఆ ఖర్చు కంటే తగ్గిపోయిన చోట ఆపెయ్యాలి. మీరు ఆ చోటు దాటి చాలా రోజులైంది. 2006లో ఉద్యోగాలు వెతుక్కునే గ్రాడ్యుయేట్ల మీద ఒక అధ్యయనం వచ్చింది, బెస్ట్ కోసమే పట్టుబట్టిన వాళ్ళకి జీతం దాదాపు 20 శాతం ఎక్కువే వచ్చింది, కానీ వచ్చిన ఉద్యోగం మీద తృప్తి మాత్రం మిగతా వాళ్ళకంటే తక్కువ. మీకు ఆ 20 శాతం కూడా రాదు, ఎందుకంటే 4.3కీ 4.4కీ మధ్య ఏమీ లేదు. రివ్యూ రాసేది ఎక్కువగా బాగా మురిసిపోయిన వాళ్ళూ బాగా మండిపోయిన వాళ్ళూ, ఫర్వాలేదు అనుకున్నవాళ్ళు అసలు రాయరు, అలాంటి సగటులో పదో వంతు తేడా పట్టుకుని మీరు నిద్ర పాడు చేసుకుంటున్నారు. మూడు స్టార్ల రివ్యూలు చదవండి, అందరూ ఒకే లోపం రాస్తే అది నిజం, ఉదాహరణకి మూత కీలు వదులైపోవడం. తర్వాత మార్చుకోలేనివేంటో చూస్కోండి, చాలా సన్నటి మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రేపు పెంచుకుందామంటే కుదరదు. కీబోర్డ్ మీద ఒక పేరా టైప్ చేసి చూడండి. ఈ ఆదివారం లోపు కొనెయ్యండి, అంతే.

ప్రశ్న: కార్డుతో కొంటే ఎక్కువ ఖర్చవుతుందంటారు, నిజమేనా లేక పెద్దవాళ్ళ చాదస్తమా?

జవాబు: నిజమే. ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు 2001లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే మ్యాచ్ టికెట్లకి వేలం పెడితే, కార్డుతో కట్టాలన్న వాళ్ళు నగదు కట్టాలన్న వాళ్ళకంటే రెట్టింపు దాకా పాడారు. డబ్బు చేతిలోంచి పోతున్నప్పుడు కలిగే ఆ చిన్న నొప్పే మనకి బ్రేక్.

ప్రశ్న: మా ఆయన చార్జింగ్ కేబుల్ ఇంకో షాపులో కాస్త తక్కువంటే బండేసుకుని వెళ్తారు, అదే మనిషి ఫోన్ కొనేటప్పుడు అంతకి పదింతల డబ్బు పోసి ఎక్స్‌ట్రా వారంటీ అడక్కుండానే తీసేసుకున్నారు. ఏమన్నా అంటే నాకు లెక్కలు రావంటారు. మీరే చెప్పండి.

జవాబు: లెక్కలు మీకే బాగా వచ్చమ్మా, కానీ ఆయన ఒక్కరే కాదు, అందరం ఇంతే. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో వేసిన ప్రశ్న ఒకటుంది, ఒక కాలిక్యులేటర్ మీద 5 డాలర్లు తగ్గుతుందంటే 20 నిమిషాలు బండి నడుపుకుంటూ ఇంకో షాపుకి వెళ్తారా అని. దాని ధర 15 డాలర్లన్నప్పుడు 68 శాతం వెళ్తామన్నారు, 125 అన్నప్పుడు 29 శాతమే. మిగిలేది అదే 5, తిరిగేదీ అదే 20 నిమిషాలు. మనం డబ్బుని డబ్బులా కాకుండా పక్కనున్న బిల్లులో ఎన్నో వంతు అని చూస్తాం. ఫోన్ బిల్లు పక్కన వారంటీ చిల్లరలా కనిపిస్తుంది, కౌంటర్ దగ్గరే దాన్ని అడిగేదీ అందుకే. వారం తర్వాత ఎవరన్నా తలుపు తట్టి అదే ధరకి ఆ వారంటీ ఇస్తానంటే ఆయన కొంటారా? ఇది అడిగి చూడండి, కాస్త నవ్వుతూ అడగండి.

ప్రశ్న: కొన్న తర్వాత కూడా అదే వస్తువు ధర రోజూ చూస్తా. తగ్గితే కడుపు మంట, పెరిగితే సంబరం. ఇదేం రోగమండీ?

జవాబు: పాత రోగమే. కొత్తగా కారు కొన్నవాళ్ళు కొనని కార్ల ప్రకటనల కంటే తాము కొన్న కారు ప్రకటనలే ఎక్కువ చదువుతున్నారని 1957లోనే ఒక పరిశోధనలో తేలింది, చేసింది మంచిపనేనని మనకి మనమే సర్దిచెప్పుకోడానికి. మీరు ఆ సర్దిచెప్పుకోడాన్ని ధర చేతిలో పెట్టారు, అది రోజుకోలా ఉంటుంది. వాపసు గడువు ఉన్నన్నాళ్ళు చూడండి, తగ్గితే వెనక్కిచ్చి మళ్ళీ కొనుక్కోవచ్చు, దాంట్లో సిగ్గుపడాల్సిందేం లేదు. గడువు అయిపోయిన రోజు ఆ ధర అలర్ట్ తీసేసి, విష్ లిస్టులోంచి కూడా కొట్టేయండి.