జీతంలో ‘రెంటె’ కోస్తే ఇంటి కిరాయి కట్టినట్టు కాదు

జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా అని అడిగావు తమ్ముడూ. క్లాసులో నెట్టుకొస్తావు. డబ్బు దగ్గరే బోల్తా పడతావు. వీసా రూల్స్, బ్లాక్డ్ అకౌంటు (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) రూల్స్ ఎంబసీ సైటులో ఉంటాయి, చూసుకో. అందులో ఉండని సంగతి నేను చెప్తాను.

జర్మన్‌లో రెంటె అంటే పెన్షన్. ఇంటి అద్దెను మీటె అంటారు. ఇది తెలియక నేను పడ్డ పాట్లు చూడు. నేను జర్మనీలో ఉద్యోగంలో చేరినప్పుడు ఇల్లు కంపెనీవాళ్లే చూపించారు. మొదటి జీతం చీటీలో ‘రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్’ అని బారెడు మాట, దాని పక్కన ఒక కోత. రెంట్ అని ఉంది కదా, కిరాయి వీళ్లే పట్టుకుంటున్నారు అనుకున్నా. ఇల్లు ఇంత చవకా అని సంబరపడి, మిగిలిందంతా మలక్‌పేటలో మా అమ్మ వేస్తున్న చిట్టీకి పంపేశా. తర్వాత ఇంటి ఓనరు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. భాష రాదు, ఏదో ప్రకటన అనుకుని పక్కన పడేశా. చివరికి వచ్చినదాంట్లో అంకె చూసి గుండె గుభేలుమంది.

ఆ కాగితం పట్టుకుని వీధి చివర కూరగాయలు అమ్మే టర్కీ ఆయన దగ్గరికి పోయా. ఆయన చదివి, బొటనవేలు చూపుడువేలు రుద్ది, “కిరా, కిరా” అన్నాడు. హైదరాబాదీకి ఇంకేం చెప్పాలి! ఎవరి దగ్గరా చేయి చాచకుండా చిట్టీ పాడి బాకీ తీర్చా. తొందరలో పాడితే ఎంత పోతుందో మీ అమ్మను అడుగు. ఇప్పుడు సొంతిల్లు ఉంది, అది వేరే కథ.

కిరాయి, రెంటు అనే ఆ రెండు మాటల వెనక ఇంత కథ ఉందని తర్వాత తెలిసింది. కిరాయి అరబ్బీ ‘కిరా’ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అదే మాట టర్కీవాళ్ల నోట బాల్కన్లకు పోయింది. రొమేనియాలో ఇంటి అద్దె ‘కిరియె’, సెర్బియాలో ‘కిరియా’. టర్కీలో ‘కిరజి’ అంటే ఇంట్లో అద్దెకుండేవాడు, సెర్బియాలో ‘కిరిజియా’ అంటే బాడుగకు సరుకు మోసే బండివాడు. మనం ఆటోకూ ఇంటికీ కిరాయే అంటాం కదా, టెహరాన్‌లో మాత్రం టాక్సీకి ‘కెరాయె’, ఇంటికి ఎక్కువగా ‘ఎజారే’ అంటారు. మన సినిమాల్లోని కిరాయి హంతకుడు టర్కీలో ‘కిరలిక్ కాతిల్’. అక్కడా ఇక్కడా కిరాయికి ఇల్లూ దొరుకుతుంది, హంతకుడూ దొరుకుతాడన్నమాట.

నా కొంప ముంచిన రెంటు ఇంకా మాయలాడి. లాటిన్‌లో ‘తిరిగి ఇవ్వడం’ అనే మాటలో దాని మూలం ఉంది. పాత ఫ్రెంచిలో ‘రెంట్’ అయి ఇంగ్లీషుకు వచ్చి, అక్కడ ఇంటద్దె అయింది. ఇప్పటి ఫ్రెంచిలో మాత్రం అది ఆస్తి మీద కూర్చుని తినే రాబడి, ఇంటద్దెకు వేరే మాట ఉంది. నెదర్లాండ్స్‌లో ‘రెంటె’ అన్నా, స్వీడన్‌లో ‘రెంటా’ అన్నా వడ్డీ. డచ్చివాళ్లు ఏలిన ఇండోనేషియాలో అధిక వడ్డీకి అప్పులిచ్చేవాణ్ణి ‘రెంతెనిర్’ అంటారు. ఒకే మాట ఒకచోట ముసలితనానికి ఆసరా, ఇంకోచోట నెత్తిన కూర్చునే షావుకారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్యాంకు కాగితం మీద ఆ మాట కనిపిస్తే ఇంటద్దె అనుకుని సంతకం పెట్టేవు, జాగ్రత్త.

నువ్వు చదువుకుంటూ ‘వెర్క్‌ష్టుడెంట్’గా పని చేసినా పెన్షన్ కోత తప్పదు. మామూలుగా 18.6 శాతంలో సగం, అంటే 9.3 శాతం, నీ జీతంలోంచి పోతుంది. మిగతా సగం కంపెనీ కడుతుంది. అది కిరాయి కాదు, నా ఉదాహరణ చాలు.

ఇల్లు చూసేటప్పుడు ‘కాల్ట్’ అంటే ఉత్త అద్దె, ‘వార్మ్’ అంటే హీటింగ్ లాంటివి కలిపింది. డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల కాల్ట్ అద్దె దాకా అడగొచ్చు, మన దగ్గరిలా రెండు నెలల అడ్వాన్సు లెక్క వేసుకుని వెళ్లకు. మీ తరానికి ఫోన్ కెమెరా పెడితే అనువాదం అయిపోతుంది, నాకు ఆ భాగ్యం లేదు. అయినా సంతకం పెట్టే ముందు ఒక మనిషితో చదివించుకో. కరెంటు బిల్లు చాలాచోట్ల ఆ వార్మ్‌లో కూడా ఉండదు, అది విడిగా అడుగు.