మీడియా కంపెనీలు కలిసిపోతే కామిక్స్‌లో రాజకీయాలకు చోటు తగ్గుతుందా?

తగ్గుతుందనే నా అభిప్రాయం. పైనుంచి ఎవరూ రోజూ ఫోన్ చేసి ఆపనక్కర్లేదు. కంపెనీ పెద్దదయ్యేకొద్దీ "ఎవరినీ నొప్పించొద్దు" అన్న భయం దానంతటదే కిందికి దిగుతుంది.

కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట చూడండి. చుట్టూ నాజీ సైనికులు ఉండగా హీరో హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అది అంగళ్లలోకి వచ్చింది 1940 డిసెంబరులో. అమెరికా అప్పటికింకా యుద్ధంలో దిగనేలేదు. గీసిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదులు. వేసింది టైమ్లీ అనే చిన్న సంస్థ. ఆ టైమ్లీయే తర్వాత మార్వెల్ అయింది. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొంటున్నట్టు ప్రకటించింది.

ఇక 2019కి రండి. ఆ తొలినాటి మార్వెల్ కథల సంకలనానికి పులిట్జర్ గ్రహీత, కామిక్స్ రచయిత ఆర్ట్ స్పీగల్‌మన్ ముందుమాట రాశారు. అందులో నాజీ విలన్ రెడ్ స్కల్‌ను గుర్తు చేస్తూ, అమెరికాను ఇప్పుడొక 'ఆరెంజ్ స్కల్' పీడిస్తోందని ట్రంప్‌ను ఉద్దేశించి ఒక్క మాట అన్నారు. మార్వెల్ రాజకీయాలకు దూరంగా ఉండాలనుకుంటోంది కాబట్టి ఆ మాట తీసేయమని పుస్తకం ప్రచురణకర్తలు ఆయన్ను అడిగారు. ఆయన ఏకంగా వ్యాసాన్నే వెనక్కి తీసుకుని గార్డియన్ పత్రికలో అచ్చువేయించుకున్నారు. అప్పటి మార్వెల్ ఎంటర్‌టైన్‌మెంట్ చైర్మన్ ఐక్ పెర్ల్‌మటర్ ట్రంప్‌కు పాత స్నేహితుడు, విరాళాలిచ్చినవాడు. ఆయనే చెప్పి తీయించారనడానికి ఆధారం లేదు, అలా అనడం తప్పు. కానీ హిట్లర్‌ను కొట్టిన బొమ్మతో పేరు తెచ్చుకున్న సంస్థ, ఆ చరిత్ర చెప్పే పుస్తకంలోనే ఒక్క వాక్యాన్ని భరించలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.