కిడ్నీ జబ్బుతో పీరియడ్స్ ఆగిపోతాయా? మళ్లీ వస్తాయా?

మీ చెల్లెలికి 31 ఏళ్లు, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 5 దాటింది, నాలుగు నెలలుగా పీరియడ్స్ రావడం లేదు, ఇది కిడ్నీ వల్లేనా అని అడిగారు. ముందు ప్రెగ్నెన్సీ కాదని తేల్చుకోండి. కాకపోతే కిడ్నీ వల్లే అయ్యే అవకాశం ఎక్కువ. నాకూ డయాలసిస్‌కి ముందే ఇలా మొదలైంది. ఇంట్లో అందరూ థైరాయిడ్ అన్నారు, ఆ రిపోర్టేమో నార్మల్.

నెలనెలా అండం విడుదల కావాలంటే మెదడు నుంచి హార్మోన్లు ఒక లయలో రావాలి. కిడ్నీలు బాగా దెబ్బతింటే ఆ లయ చెడుతుంది. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా రక్తంలో పెరిగిపోతుంది. దాంతో అండం విడుదల కాదు, ఈస్ట్రోజన్ తగ్గుతుంది. కొందరికి పీరియడ్స్ పూర్తిగా ఆగిపోతాయి, కొందరికి ఒకసారి మొదలైతే ఆగవు. నేను రెండూ పడ్డాను.

డయాలసిస్‌లో ఉండగా బ్లీడింగ్ అయితే ఆ అవస్థ చెప్పలేం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, కిడ్నీ జబ్బులో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎలాగూ సరిగ్గా పనిచేయవు. చేతికి సూదులతో నాలుగు గంటలు పడుకోవాలి, మధ్యలో బాత్‌రూమ్‌కి లేవడానికి ఉండదు. లేచి చూస్తే దుప్పటి తడిసిపోయి ఉండేది. పక్క బెడ్ల మీద మగవాళ్లు. ఒక సిస్టర్ అది గమనించి, "మిషన్ ఎక్కకముందే చెప్పమ్మా, డాక్టర్‌గారిని అడిగి హెపారిన్ తగ్గిస్తాం" అంది. ఆ మాట ప్రతి సెంటర్లోనూ ఆడపేషెంట్లకి మొదటిరోజే చెప్పాలి. అప్పటికే నా హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది.

మందుల సంగతి చాలా ముఖ్యం. కడుపునొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మెఫ్తాల్, డైక్లోఫెనాక్ లాంటివి మీ చెల్లెలికి వద్దు, మిగిలిన కాస్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది. బ్లీడింగ్ ఆగడానికి రాసే ట్రానెక్సమిక్ యాసిడ్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కాబట్టి డోసు తగ్గించాలి. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు నెఫ్రాలజీ (కిడ్నీ డాక్టర్) ఫైలు తప్పకుండా పట్టుకెళ్లండి.

పీరియడ్స్ రావట్లేదు కదా అని గర్భం రాదనుకోవద్దు. అరుదే అయినా వస్తుంది. బీపీకి వాడే టెల్మిసార్టన్ లాంటి మందులు కడుపులో బిడ్డకి ప్రమాదం. అందుకే గర్భం రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి ఇప్పుడే డాక్టర్‌ని అడగండి.

ఇక మళ్లీ వస్తాయా అంటే, కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ (కిడ్నీ మార్పిడి) తర్వాత చాలామందికి కొన్ని నెలల్లోనే వస్తాయి. నాకూ వచ్చాయి, ఆ రోజు అమ్మా నేనూ పట్టుకుని ఏడ్చేశాం. పిల్లల కోసం మాత్రం కిడ్నీ నిలకడగా ఉండి కనీసం ఏడాది గడవాలంటారు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మైకోఫెనొలేట్ వాడుతుంటే, అది కడుపులో బిడ్డకి ప్రమాదం కాబట్టి గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు వారాల ముందే డాక్టర్లు దాన్ని ఆపి వేరే మందు ఇస్తారు. సొంతంగా ఆపితే కొత్త కిడ్నీకే ముప్పు.

మీ చెల్లెలు సిగ్గుపడుతుంటే మీరే పక్కన కూర్చుని నెఫ్రాలజిస్టుకి చెప్పండి. నన్ను ఏ డాక్టరూ తనంతట తాను అడగలేదు.