పాఠకుల ప్రశ్నలు: గుద్దుకున్నప్పుడు ఎంత దూరంలో ఆగుతాం?

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ చెట్టుకు తగిలినా బంపర్ వంగేది కాదు. ఇప్పటి కార్లు చేత్తో నొక్కితే సొట్టపడుతున్నాయి. ముందు బుల్ బార్ (బంపర్‌కు ముందు బిగించే ఇనుప చట్రం) వేయిద్దామనుకుంటున్నాను, మంచిదేనా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వేయించకండి. చేతికి సొట్టపడేది పైరేకు. గుద్దుడును మోసేవి దాని వెనక, ఇంజన్‌కు రెండు పక్కలా ఉండే ఉక్కు దూలాలు. అవి ముందు నుంచి మడతలు పడుతూ నలగాలి, మీరు కూర్చునే భాగం మాత్రం నలగకూడదు. డిజైన్ అంతా దీనికోసమే.

లెక్క చూడండి. కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారును అడ్డుకు గుద్దించే వేగం గంటకు 64 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 18 మీటర్లు. ముందు భాగం నలగడం, బెల్టు కాస్త సాగడం అన్నీ కలిపి మీ ఛాతీ ఒక మీటరులో ఆగిందనుకుంటే, దానిమీద పడే బలం సగటున శరీర బరువుకు 16 రెట్లు. 70 కిలోల మనిషికి 1,100 కిలోల పైచిలుకు. పక్కటెముకలు విరగొచ్చు, ప్రాణం దక్కే అవకాశం మాత్రం బాగా ఉంటుంది. అదే బెల్టు లేకపోతే కారు ఆగుతుంది గానీ మీరు ఆగరు. దాదాపు అదే వేగంతో స్టీరింగ్ మీద పడి పది సెంటీమీటర్లలో ఆగిపోతారు. దూరం పదోవంతైతే బలం పదింతలు, అంటే 11 టన్నులు. పాత బండి చెక్కుచెదరలేదంటే ఆ దెబ్బ లోపలివాళ్లకు చేరిందన్నమాట.

బుల్ బార్‌ను సాధారణంగా ఆ దూలాలకే బిగిస్తారు. దాంతో నలగాల్సిన చోటు బిగుసుకుపోతుంది. సెన్సర్లకు దెబ్బ తీరు మారిపోయి ఎయిర్‌బ్యాగ్ పేలాల్సిన క్షణానికి పేలకపోవచ్చు. రోడ్డు దాటేవాళ్ల సంగతి సరేసరి. వీటిమీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

ప్రశ్న: వెనక సీట్లో ఏడాది బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను, గట్టిగానే పట్టుకుంటాను. నేను బెల్టు పెట్టుకుంటే సరిపోదా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సరిపోదమ్మా. బాబు పది కిలోలుంటే పైన చెప్పిన గుద్దుడులో మీ చేతుల మీద పడేది 160 కిలోలు, అదీ సగటున. ఎవరి చేతులూ ఆపలేవు. ఒకే బెల్టులో ఇద్దరూ ఉండటం ఇంకా ప్రమాదం, మీ బరువంతా బాబు మీద పడుతుంది. పిల్లల సీటు కొని వెనక సీట్లో, బాబు ముఖం కారు వెనకవైపు ఉండేలా బిగించండి. ఈ వయసులో తల బరువు ఎక్కువ, మెడ బలం తక్కువ. అలా కూర్చోబెడితే దెబ్బ వీపు మొత్తానికీ పరుచుకుంటుంది. ఈ సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకండి.

మీ బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం ఎముక మీదుగా రావాలి. పెట్టుకున్నాక పై పట్టీని ఒకసారి పైకి లాగి వదులు తీసేయండి. ముందు సీటులోవాళ్లు సీటు వెనక్కి వాల్చి నిద్రపోతుంటారు కదా, అది వద్దు. గుద్దినప్పుడు నడుము ముందుకు జారి, పట్టీ తుంటి దాటి పేగుల్లోకి దిగుతుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ కారు చూశాను. ఒకసారి ఎయిర్‌బ్యాగ్ పేలిన బండో కాదో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అనుమానించండి. సరిగ్గా వెలిగి ఆరినా నమ్మడానికి లేదు. ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ అనే చిన్న విద్యుత్ భాగం పెట్టి లైటును మోసగించేవాళ్లున్నారు, మెకానిక్ కారు లోపాలు చదివే స్కానర్ కూడా దాన్ని పట్టుకోకపోవచ్చు.

అందుకే బెల్టు చూడండి. చివరిదాకా బయటికి లాగి, భుజం పక్కన లోహపు కొండీలోంచి పట్టీ వెళ్లే చోట వేలితో తడమండి. గట్టి దెబ్బ తగిలిన బెల్టు అక్కడ మెరుస్తూ, కొంచెం కరిగినట్టు గరుకుగా ఉంటుంది. అడుగున బెల్టు తయారీ తేదీ ఉన్న చీటీ ఉంటుంది, అది కారు తేదీ కంటే తర్వాతదైతే ఎందుకు మార్చారో అడగండి. తర్వాత బానెట్ ఎత్తి, హెడ్‌లైట్ల వెనక దూలాల మీద ముడతలు, చేతి వెల్డింగ్ వెతకండి. ఒకసారి మడతపడి సాగదీసిన దూలం రెండోసారి అనుకున్నట్టు నలగదు. సర్వీస్ రికార్డు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు చూపించని అమ్మకందారును వదిలేయండి.

ప్రశ్న: ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దితే మంచి కార్లలోనూ ఎందుకు చనిపోతున్నారు?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కారు బంపర్, దూలాలు లారీ బాడీ కిందికి దూరిపోతాయి. నలగాల్సిన భాగానికి పని పడదు, లారీ అంచు నేరుగా అద్దాన్నీ తలనూ తాకుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఆలస్యంగా పేలొచ్చు, పేలకపోనూ వచ్చు. లారీ వెనక గార్డు కిందికి, గట్టిగా ఉంటే కారు దూరదు. వంగిపోయి, తుప్పుపట్టి, పేరుకు మాత్రం వేలాడే గార్డు దేనికీ ఆగదు.

మీ చేతిలో ఉన్నది వేగం. డిమ్ లైటులో రిఫ్లెక్టర్ లేని లారీ సుమారు 50 మీటర్ల దూరంలోగానీ కనబడదు. గంటకు 80తో వెళ్తుంటే బ్రేకు మీద కాలు పడేలోపే 33 మీటర్లు పోతాం, పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 35. మొత్తం 68. అదే 60తో అయితే 45 మీటర్లలో ఆగుతాం. వాన పడితే ఈ లెక్క కూడా చెల్లదు, ఇంకా తగ్గించాలి.