చట్టాన్ని మీరే తెలుసుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పెళ్లయి ఎనిమిదేళ్లయింది. మావారు తరచూ చెయ్యి చేసుకుంటున్నారు. ఇల్లు మా అత్తగారి పేరున ఉంది కాబట్టి నాకు అందులో ఉండే హక్కే లేదని, ఎదురు మాట్లాడితే బయటికి పంపేస్తామని అంటున్నారు. లాయరును పెట్టుకునే స్తోమత నాకు లేదు. నేనే తెలుసుకుందామని ఫోన్‌లో వీడియోలు చూస్తే ఒకరు సెక్షన్ 498ఎ అంటారు, ఇంకొకరు 85 అంటారు, మరొకరు అత్తగారి ఇంటిపై కోడలికి ఏ హక్కూ లేదంటారు. నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక మాట. దెబ్బలు తప్పవన్న భయం ఈ పూటే ఉంటే చట్టం చదువుతూ కూర్చోవద్దు. వెంటనే 112కు గాని, మహిళల సహాయవాణి 181కి గాని ఫోన్ చేయండి. మీ ఫోన్‌ను ఇంట్లో మరొకరు తీసి చూసే అవకాశం ఉంటే, ఈ వెతుకులాటంతా నమ్మకమైన స్నేహితురాలి ఫోన్‌లోనో గ్రంథాలయంలోని కంప్యూటర్‌లోనో చేయండి. హక్కుల గురించి చదువుతున్నారన్న సంగతి అవతలివారికి ముందుగా తెలియడమే కొన్ని ఇళ్లలో కొత్త ప్రమాదానికి దారితీస్తుంది.

మీరు విన్న మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం అవి వేర్వేరు కాలాలకు చెందినవి కావడమే. 498ఎ పాత భారత శిక్షాస్మృతిలోని సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది; భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింస అందులో 85వ సెక్షన్ కింద నేరం, క్రూరత్వం అంటే ఏమిటో 86వ సెక్షన్ చెబుతుంది. ఆ తేదీకి ముందు జరిగిన సంఘటనలకు పాత సెక్షనే వర్తిస్తుంది. ఇక మూడో మాట 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు నాటిది. ఆ తీర్పు సరికాదని 2020 అక్టోబరులో అదే కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేస్తూ మీరు నివసించిన ఇల్లు గృహహింస చట్టం ప్రకారం ఉమ్మడి నివాసం కావచ్చు. దానివల్ల ఇంటి మీద యాజమాన్యం రాదు గాని, చట్టప్రకారం తప్ప మిమ్మల్ని బయటికి గెంటివేయడానికి వీలుండదు. కాబట్టి ఎప్పటిదో తెలియని సలహాను, ఎంత నమ్మకంగా చెప్పినా సరే, పక్కన పెట్టండి.

మూలపాఠం కోసం కేంద్ర ప్రభుత్వం నిర్వహించే ఇండియా కోడ్ వెబ్‌సైట్‌ను చూడండి. మీకు ముందుగా కావలసింది 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం. అది 37 సెక్షన్ల చిన్న చట్టం; శిక్షాస్మృతి మారినా ఇది మారలేదు. హింస అంటే ఏమిటో చెప్పే 3వ సెక్షన్, మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు గురించిన 12వ సెక్షన్, నివాస హక్కును చెప్పే 17వ సెక్షన్, కోర్టు ఇవ్వగల ఉత్తర్వులను వివరించే 18 నుంచి 23 వరకు సెక్షన్లు చదివితే మీ పరిస్థితికి కావలసింది చాలావరకు తెలుస్తుంది. వీటికన్నా ఉపయోగపడేవి, ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పనివి, ఈ చట్టం కింద 2006లో చేసిన నిబంధనల చివరనున్న ఫారాలు. నాలుగో ఫారంలో బాధితురాలి హక్కులన్నీ వరుసగా ఉంటాయి. ఐదో ఫారం భద్రతా ప్రణాళిక: జరిగిన హింస ఏమిటి, మీరు దేనికి భయపడుతున్నారు, దానికి ఏ రక్షణ కావాలి అన్నది అందులో రాసుకోవచ్చు. రెండో ఫారం మెజిస్ట్రేట్‌కు పెట్టుకునే దరఖాస్తు నమూనా.

ఇంగ్లీషు చట్టభాష కొరుకుడు పడకపోతే నిరుత్సాహపడవద్దు, దాన్ని వివరించవలసిన వారు ఉన్నారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా లాయరును పెట్టుకునే హక్కు ఉంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి మామూలు కాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి మీ తరఫున సంఘటనల నివేదిక తయారుచేసి మెజిస్ట్రేట్‌కు పంపాలి. మీరు పుట్టింటికి వచ్చేసి ఉంటే, తాత్కాలికంగానే అయినా సరే, అక్కడి కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు. అత్యవసరమైతే అవతలివారి వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మెజిస్ట్రేట్‌కు ఉంది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

దెబ్బలు తగిలినప్పుడు ఆస్పత్రిలో జారిపడ్డానని చెప్పకండి. ఎలా తగిలాయో ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించండి. ఆ చీటీలు, ఫోటోలు, పెళ్లి ఆధారాలు, గుర్తింపు కార్డుల నకళ్లు ఇంటి బయట నమ్మకమైన వారి దగ్గర ఉంచండి.

ప్రశ్న: కొన్ని వారాలుగా మా అమ్మాయి వెంటపడుతున్న వ్యక్తి, ఆమె వేరే జిల్లాకు పరీక్ష రాయడానికి వెళితే అక్కడికీ వచ్చి వేధించాడు. తిరిగి వచ్చాక మా ఊరి స్టేషన్‌కు వెళితే అది తమ పరిధి కాదన్నారు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ఫిర్యాదు వాడవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: పరిధి పేరుతో తిప్పి పంపడం చెల్లదు. వద్దన్నా వినకుండా ఒక స్త్రీ వెంట పదేపదే పడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్ఐఆర్ అని వాడుకలో ఉన్నది ఇదే. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే, పంపినవారు మూడు రోజుల్లోగా దానిపై సంతకం చేయాలి. అయినా నిరాకరిస్తే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా ఫలితం లేకపోతే ఆ రసీదుతో మెజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

నమూనా చూసి వరుస తెలుసుకోవచ్చు గాని, అందులోని మాటలను దించుకోవద్దని నా సలహా. ఎవరికో జరిగినది మీ ఫిర్యాదులోకి వచ్చి చేరితే విచారణలో ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. తేదీ, సమయం, చోటు, అతను అన్న మాటలు, చూసినవారి పేర్లు మీ అమ్మాయి తన మాటల్లోనే రాయాలి. సెక్షన్ నంబర్లు రాయనవసరం లేదు, అవి చూసుకోవలసింది పోలీసులు. అతను పంపిన మెసేజ్‌లను చెరిపివేయకుండా ఫోన్‌లోనే ఉంచండి.

ప్రశ్న: ఉచిత న్యాయ సహాయం మహిళలకేనా? మా తమ్ముణ్ణి పోలీసులు అరెస్టు చేశారు.
— ఒక పాఠకుడు

జవాబు: కాదు. పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి కూడా ఆదాయ పరిమితి లేకుండా ఆ హక్కు ఉంది. అరెస్టుకు కారణం చెప్పడం, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచడం రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం తప్పనిసరి. మీ తమ్ముడు తనకు లాయరు లేడని, పెట్టుకునే స్తోమత లేదని మెజిస్ట్రేట్‌కు నోటితో చెప్పినా చాలు. ఈలోగా మీరు 15100కు ఫోన్ చేసి స్టేషన్ పేరు, అరెస్టు చేసిన సమయం చెప్పండి.